బోర్డు మారితే ప్రాసెసర్ టెంపరేచర్ ఎందుకు మారుతుంది? తేడా ఎక్కడుందో మెట్టు మెట్టుగా పట్టుకునే పద్ధతి

మా బాబాయి కొడుకు గుంటూరులో ఉంటాడు, పెళ్లి వీడియోల ఎడిటింగ్ చేస్తాడు. పోయిన వేసవిలో వాడి మదర్‌బోర్డులో ర్యామ్ స్లాట్ ఒకటి పోయింది. కొత్త బోర్డు కొన్నాడు. ప్రాసెసర్ పాతదే, ఇంటెల్ కోర్ ఐ5-12400. కూలర్ దాని డబ్బాలో వచ్చినదే. క్యాబినెట్ కూడా మార్చలేదు. రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు.

“అన్నా, పాత బోర్డులో రెండర్ పెడితే 69 డిగ్రీలు చూపించేది. కొత్తదాంట్లో 80 చూపిస్తోంది. చాలా టెన్షన్‌గా ఉంది. బోర్డు డిఫెక్టా? రేపు పొద్దున్నే వాపసు ఇచ్చేయనా?”

రెండర్ అంటే ఎడిట్ చేసిన వీడియోను చివరి ఫైలుగా తయారుచేయడం, అంతసేపూ ప్రాసెసర్ నిండా పనిలో ఉంటుంది. తొందరపడొద్దు, ముందు నాలుగు అంకెలు రాసి పంపమన్నాను: గది వేడి, ప్రాసెసర్ తాగుతున్న వాట్లు, క్లాక్ స్పీడ్ (ప్రాసెసర్ నడిచే వేగం), టెంపరేచర్. పాత బోర్డు తీసే ముందు నేను చెబితే వాడు ఒక రీడింగ్ రాసి పెట్టుకున్నాడు, అది చాలా పనికొచ్చింది. ఆ రెండు రీడింగులతో మేం ఆ రాత్రి చేసిన లెక్కనే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. వాడిలాగే చాలామంది టెంపరేచర్ అంకె ఒక్కటి చూసి మంచి బోర్డును వాపసు ఇచ్చేస్తున్నారు. ఇంకొందరు నిజంగా సరిగా బిగించని కూలర్‌తో నెలల తరబడి నడుపుతున్నారు.

మొదట విడదీయాల్సినవి

ఒకే ప్రాసెసర్ రెండు బోర్డుల్లో రెండు టెంపరేచర్లు చూపించడానికి రెండు దారులున్నాయి. ఒకటి, వేడి ఒకటే కానీ చూపించే అంకె వేరు. రెండోది, ప్రాసెసర్ నిజంగానే ఎక్కువ వేడెక్కుతోంది. మొదటిదైతే మనం చేయాల్సింది సరైన సెన్సర్ ఏదో తెలుసుకోవడమే. రెండోదైతే బయోస్‌లోనో (కంప్యూటర్ ఆన్ చేయగానే తెరవగలిగే, బోర్డు సెట్టింగులుండే ప్రోగ్రాం), కూలర్ బిగింపులోనో పని ఉంటుంది. ఈ రెంటినీ కలిపేసి ఆలోచిస్తే ఎంతసేపటికీ తేలదు.

ఆ అంకె ఎక్కడి నుంచి వస్తుంది

ఇది కొంచెం లోతుగా తెలుసుకోవాలి. మిగతా మెట్లన్నీ దీని మీదే నిలబడి ఉన్నాయి.

పాత సాకెట్ 7, సాకెట్ ఎ కాలంలో చాలా బోర్డుల్లో ప్రాసెసర్ సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే చోటు) మధ్య ఖాళీలో థర్మిస్టర్ అనే చిన్న వేడి సెన్సర్ ఉండేది. అది ప్రాసెసర్ అడుగును తాకీ తాకనట్టు ఉండేది. అది కొలిచేది చిప్ వేడి కాదు, చిప్ కింద ఉన్న గాలి వేడి, బోర్డు వేడి కలిసినది. కొన్ని బోర్డుల్లో దాని కాళ్లు కాస్త పైకి వంచితే అంకె మారిపోయేది. ఆ రోజుల్లో బోర్డుకో టెంపరేచర్ అంటే అక్షరాలా నిజం.

తర్వాత సెన్సర్ చిప్ లోపలికే వెళ్లింది. పెంటియం III కాలానికి ఇంటెల్, 2001లో అథ్లాన్ ఎక్స్‌పీ ప్రాసెసర్‌తో దాని పోటీ కంపెనీ ఏఎండీ, సిలికాన్‌లోనే ఒక డయోడ్ పెట్టాయి. దాని రెండు పిన్నులు బోర్డుకు వచ్చేవి. బోర్డు మీద సెన్సర్లను, ఫ్యాన్లను చూసుకునే సూపర్ ఐఓ చిప్ (విన్‌బాండ్, ఐటీఈ లాంటి కంపెనీలది), ఆ డయోడ్ గుండా ఒకసారి తక్కువ కరెంటు, ఇంకోసారి దానికి చాలా రెట్లు కరెంటు పంపి, రెండు వోల్టేజీల తేడాను కొలిచేది. కరెంట్ల నిష్పత్తి పది అయితే ఆ తేడా డిగ్రీకి సుమారు 0.2 మిల్లీవోల్టులు మాత్రమే. అంత చిన్న సిగ్నల్‌లో తప్పు దొర్లడం ఎంత తేలికో చూడండి. లెక్కలో వాడే డయోడ్ గుణకం ఒక్క శాతం తప్పయితే, 77 డిగ్రీల దగ్గర (కెల్విన్ లెక్కలో 350) అంకె మూడున్నర డిగ్రీలు జరుగుతుంది. బోర్డు మీద సన్నటి రాగి దారిలో ఒక ఓమ్ అడ్డు ఉన్నా అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ దాకా కలిసిపోతుంది. వీటికి సర్దుబాటు చేసేది బోర్డు తయారీదారు బయోస్‌లో రాసే అంకె. అందుకే ఒకే బోర్డులో బయోస్ అప్‌డేట్ చేయగానే టెంపరేచర్ తగ్గిపోయిన కథలు ఆ కాలంలో చాలా ఉండేవి. వేడి ఏమీ తగ్గలేదు, సర్దుబాటు మారింది.

2006లో కోర్ డుయో, కోర్ 2 డుయోలతో ఇంటెల్ డిజిటల్ థర్మల్ సెన్సర్‌కు మారింది. కొలత అంతా చిప్ లోపలే జరిగి, అంకెగా బయటికొస్తుంది. ఇక బోర్డు రాగి దారులతో సంబంధం లేదు. అయితే ఒక ముఖ్యమైన సంగతి ఉంది. ఆ సెన్సర్ “నేను 62 డిగ్రీల్లో ఉన్నాను” అని చెప్పదు. “నా గరిష్ఠ హద్దుకు ఇంకా 38 డిగ్రీలు ఉంది” అని చెబుతుంది. ఆ హద్దును టీజే మ్యాక్స్ అంటారు. ఐ5-12400కి అది 100. నూరులోంచి 38 తీసేసి 62 అని మనకు చూపించేది సాఫ్ట్‌వేర్.

ఇప్పటి ప్రాసెసర్లు తమ హద్దు ఎంతో తామే చెబుతాయి. కోర్ 2 కాలంలో అలా చెప్పేవి కావు, ఇంటెల్ కూడా 2008 దాకా ఆ అంకెలు బయటపెట్టలేదు. దాంతో ఒక ప్రోగ్రాం 85 అనుకునేది, ఇంకోటి 100 అనుకునేది. అదే చిప్, అదే క్షణం, తెర మీద మాత్రం 15 డిగ్రీల తేడా.

ఇంకో విషయం ఈ సెన్సర్ గురించి గుర్తుపెట్టుకోండి. ఇది హద్దుకు దగ్గరగా బాగా పనిచేసేలా తయారైంది, ఎందుకంటే దాని అసలు పని చిప్‌ను కాపాడటం. చల్లగా ఉన్నప్పుడు దాని మాట అంత కచ్చితం కాదు. ఊరికే డెస్క్‌టాప్ తెరిచి పెట్టి “నా దాంట్లో 31, నీ దాంట్లో 37” అని పోల్చుకోవడంలో అర్థం లేదు. పోలిక ఎప్పుడూ లోడ్ మీదే, అంటే ప్రాసెసర్‌కు నిండా పని ఇచ్చే చేయాలి.

ఏఎండీ వాళ్లకు ప్రత్యేకంగా

ఏఎండీలో ఈ కథ ఇంకో మలుపు తిరిగింది. ఫినమ్ తరం చిప్‌లు చెప్పే అంకె అసలు భౌతికమైన టెంపరేచరే కాదు. గరిష్ఠ కూలింగ్ అవసరమయ్యే స్థానం నుంచి ఎంత దూరంలో ఉన్నామో చెప్పే కొలబద్ద అది. అందుకే వాటి తర్వాత వచ్చిన ఎఫ్ఎక్స్ ప్రాసెసర్లున్న కంప్యూటర్లలో కూడా ఖాళీగా ఉన్నప్పుడు గది కన్నా తక్కువ టెంపరేచర్ కనబడేది. గాలితో చల్లబడే ఏ వస్తువూ గది కన్నా చల్లగా ఉండలేదు. అలాంటి అంకె కనిపిస్తే అది డిగ్రీ కాదని అర్థం చేసుకోవాలి.

2017లో వచ్చిన మొదటి రైజెన్లలో 1700ఎక్స్, 1800ఎక్స్ అసలు వేడికి 20 డిగ్రీలు కలిపి చెప్పేవి. మొదటి తరం థ్రెడ్‌రిప్పర్లు 27 కలిపేవి. 2018లో వచ్చిన 2700ఎక్స్ 10 కలిపేది. సాకెట్ ఏఎం4లోని ప్రాసెసర్లన్నింటికీ ఫ్యాన్లు ఒకే తీరులో తిరగాలని ఏఎండీ చేసిన ఏర్పాటు ఇది. కలిపిన అంకెను టీకంట్రోల్ అంటారు, అసలు చిప్ వేడిని టీడై అంటారు. కొన్ని బోర్డుల బయోస్ ఆ 20ని తీసేసి చూపించింది, కొన్ని తీయకుండా చూపించాయి. ఒకే 1800ఎక్స్ ఒక బోర్డులో 58, ఇంకో బోర్డులో 78 చూపించడం వెనక ఉన్నది అంతే. సెకండ్ హ్యాండ్‌లో ఈ ప్రాసెసర్లు ఇప్పటికీ చేతులు మారుతున్నాయి కాబట్టి ఈ మూడు అంకెలు రాసి పెట్టుకోండి. రైజెన్ 3000 నుంచి ఈ కలపడం లేదు.

మెట్టు 1: పాత బోర్డు తీసే ముందే రాసుకోండి

బోర్డు మార్చబోతున్నారంటే స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు ఒక రీడింగ్ తీసుకోండి. గది వేడి, వాట్లు, అన్ని కోర్ల (ప్రాసెసర్‌లో పని చేసే విభాగాల) మీద నడిచే క్లాక్ స్పీడ్, వోల్టేజీ, కూలర్ ఫ్యాన్ ఆర్‌పీఎం, టెంపరేచర్. పాత బోర్డు చచ్చిపోయి ఉంటే ఈ అవకాశం లేదు. అప్పుడు కూడా కింది మెట్లు పనికొస్తాయి, కాకపోతే పోలికకు బదులు కొత్త బోర్డును దాని లెక్కలోనే తూచాలి.

గది వేడి అంటే మొబైల్‌లో కనిపించే ఊరి వాతావరణం కాదు. చిన్న డిజిటల్ థర్మామీటర్‌ను క్యాబినెట్‌కు గాలి వెళ్లే వైపు, ఒక అడుగు దూరంలో పెట్టి చూడండి. టేబుల్ కింద, గోడకు ఆనించి పెట్టిన క్యాబినెట్ పీల్చే గాలి గది మధ్యలోని గాలి కన్నా వేడిగా ఉండొచ్చు. ప్రాసెసర్ వేడి గది వేడి మీద కూర్చుని ఉంటుంది. గది ఒక డిగ్రీ పెరిగితే, ఫ్యాన్ వేగం మారనంత వరకు, ప్రాసెసర్ కూడా దాదాపు ఒక డిగ్రీ పెరుగుతుంది. విజయవాడలో మే నెల మధ్యాహ్నం ఏసీ లేని గదిలో తీసిన రీడింగ్‌ను డాలస్‌లో ఏసీ గదిలో కూర్చున్న స్నేహితుడి స్క్రీన్‌షాట్‌తో పోల్చుకుంటే పదిహేను డిగ్రీలు అక్కడే తేలిపోతాయి.

మెట్టు 2: ఒకే ప్రోగ్రాం, సరైన వరుస

విండోస్‌లో హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రాం వాడమని నా సలహా. ఏ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో విడివిడిగా చూపిస్తుంది కాబట్టి. దాని తెర మీద ప్రాసెసర్ పేరుతో ఒక భాగం, బోర్డు పేరుతో (సాధారణంగా నువోటన్ లేదా ఐటీఈ చిప్ పేరుతో) ఇంకో భాగం ఉంటాయి. ప్రాసెసర్ భాగంలో కనిపించే ‘కోర్’, ‘సీపీయూ ప్యాకేజ్’ అంకెలు చిప్ లోపలి డిజిటల్ సెన్సర్ చెప్పినవి. అవి బోర్డు చేతిలో లేవు. బోర్డు భాగంలో ఒంటరిగా ‘సీపీయూ’ అని ఉండేది బోర్డు తన పద్ధతిలో చదివినది. ఇది ప్రాసెసర్ నుంచే వచ్చి ఉండొచ్చు, సాకెట్ దగ్గరి థర్మిస్టర్ నుంచి వచ్చి ఉండొచ్చు, సర్దుబాటు కలిసి ఉండొచ్చు.

రెండు బోర్డులను పోల్చాలంటే రెండింట్లోనూ ‘సీపీయూ ప్యాకేజ్’ చూడాలి. రైజెన్‌లో అయితే ‘టీకంట్రోల్/టీడై’ అనే వరుస. ఒకదాంట్లో ప్యాకేజ్, ఇంకోదాంట్లో బోర్డు ‘సీపీయూ’ చూసి గాభరా పడేవాళ్లే ఎక్కువ. రైజెన్‌లో క్షణక్షణానికి బూస్ట్ (ప్రాసెసర్ తనంతట తాను పెంచుకునే వేగం) ఎగిరి పడుతుంటుంది. ఖాళీగా ఉన్నా ఒక్కసారిగా పది డిగ్రీలు ఎక్కి దిగుతుంది. అందుకే అక్కడ సగటు చూపించే వరుస కూడా పక్కన పెట్టుకుని చూడండి.

బోర్డు భాగంలో 127 డిగ్రీలు అనో, సున్నాకు దిగువనో ఒక అంకె కదలకుండా కనిపిస్తే గుండె ఆగనక్కర్లేదు. సూపర్ ఐఓ చిప్‌కు చాలా సెన్సర్ కాళ్లుంటాయి, బోర్డు తయారీదారు కొన్నింటికే తీగ కలుపుతాడు. కలపని కాలు అలాంటి అర్థం లేని అంకె చెబుతుంది.

లినక్స్‌లో ‘సెన్సర్స్’ కమాండ్ ఇస్తే కోర్‌టెంప్ లేదా కే10టెంప్ పేరుతో వచ్చేది చిప్ మాట. ఎన్‌సీటీ6775, ఐటీ87 లాంటి పేర్లతో వచ్చేది బోర్డు మాట.

ఒకేసారి రెండు మూడు మానిటరింగ్ ప్రోగ్రాములు తెరవకండి. బోర్డు కంపెనీ ఇచ్చిన సాఫ్ట్‌వేర్, మనం పెట్టుకున్నది, రెండూ ఒకే సూపర్ ఐఓ చిప్‌ను ఒకేసారి అడిగితే అంకెలు గందరగోళం అవుతాయి.

బయోస్ తెర మీద కనిపించే టెంపరేచర్‌ను విండోస్‌లో ఖాళీగా ఉన్నప్పటి టెంపరేచర్‌తో పోల్చవద్దు. బయోస్‌లో ఉన్నప్పుడు ప్రాసెసర్ నిద్రపోయే ఏర్పాట్లు పూర్తిగా పనిచేయవు, పనేమీ లేకపోయినా చిప్ మెలకువగానే ఉంటుంది. అక్కడ పది డిగ్రీలు ఎక్కువ కనిపించినా అది రోగం కాదు.

మెట్టు 3: ఒకే రకం లోడ్, తగినంత సేపు

రెండు బోర్డుల మీదా ఒకే ప్రోగ్రాం, ఒకే వెర్షన్, ఒకే సెట్టింగ్. ప్రాసెసర్ వేగం కొలిచే సినీబెంచ్‌ను వరసగా నడిపించండి, లేదా మీ పనికి దగ్గరగా ఉండే ఒకే వీడియో రెండర్ పెట్టండి. ప్రాసెసర్‌ను నిండా శ్రమపెట్టే ప్రైమ్95 వాడేవాళ్లు ఏవీఎక్స్ (ఒకేసారి ఎన్నో లెక్కలు చేయించే ఆదేశాలు) ఆన్‌లోనో ఆఫ్‌లోనో రెండుసార్లూ ఒకేలా ఉంచాలి, దాన్నిబట్టి వాట్లు చాలా మారతాయి. క్యాబినెట్ మూతలు ఎప్పుడూ ఎలా ఉంటాయో అలాగే ఉంచండి. ఇరవై నిమిషాలు నడిచాక చివరి ఐదు నిమిషాల అంకెలు రాసుకోండి. మొదటి నిమిషంలో కూలర్ లోహమే వేడిని మింగేస్తుంది, ఆ అంకెతో ఏమీ తెలియదు.

మెట్టు 4: వాట్లు చూడండి, అసలు లెక్క ఇక్కడే

నా అనుభవంలో పది కేసుల్లో ఏడెనిమిది ఈ మెట్టు దగ్గరే తేలిపోతాయి. కాబట్టి ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుదాం.

ప్రాసెసర్ టెంపరేచర్‌లోంచి గది వేడి తీసేయండి. మిగిలినదాన్ని ‘సీపీయూ ప్యాకేజ్ పవర్’ వాట్లతో భాగించండి. వచ్చేది వాటుకు ఎన్ని డిగ్రీలు అనే అంకె. కూలర్, పేస్ట్ (ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య రాసేది), బిగింపు, ఫ్యాన్ వేగం మారకపోతే ఈ అంకె కూడా మారకూడదు. బోర్డు ఏదైనా సరే.

మా తమ్ముడి అంకెలు ఇవి. పాత బోర్డు: గది 30, వాట్లు 65, టెంపరేచర్ 69. అంటే 39ని 65తో భాగిస్తే 0.60. కొత్త బోర్డు: గది 33, వాట్లు 78, టెంపరేచర్ 80. అంటే 47ని 78తో భాగిస్తే 0.60.

అంకె అదే వచ్చింది. కూలర్ అంతే బాగా పనిచేస్తోంది, సెన్సర్ అంతే నిజం చెబుతోంది. 11 డిగ్రీల తేడాలో 3 డిగ్రీలు గదివి. మిగతా 8 డిగ్రీలు అదనంగా వెళ్తున్న 13 వాట్లవి. బోర్డు అబద్ధం చెప్పడం లేదు, ప్రాసెసర్‌ను ఎక్కువ పని చేయనిస్తోంది. క్లాక్ స్పీడ్ చూడమన్నాను. పాతదాంట్లో రెండర్ మొదలైన కాసేపటికి తగ్గిపోయేది, కొత్తదాంట్లో 4 గిగాహెర్ట్జ్ దగ్గర నిలబడి ఉంది.

ఎందుకలా జరిగిందంటే, ఐ5-12400కి ఇంటెల్ పెట్టిన హద్దులు రెండు. ఎప్పటికీ నడపగలిగేది 65 వాట్లు, దీన్ని పీఎల్1 అంటారు. కొద్దిసేపు వెళ్లగలిగేది 117 వాట్లు, ఇది పీఎల్2. ఆ కొద్దిసేపు ఎంత అనేది టావ్ అనే సమయం, సాధారణంగా 28 సెకన్లు. తక్కువ ధర బోర్డులు ఈ హద్దులు పాటిస్తాయి, వాటి మీద ప్రాసెసర్‌కు కరెంటు అందించే పవర్ విభాగానికి అదే క్షేమం. ఎక్కువ ధర బోర్డుల్లో చాలావరకు హద్దు తీసేసి ఇస్తారు, రివ్యూల్లో స్కోరు బాగా వస్తుందని.

పెద్ద ప్రాసెసర్లలో ఈ తేడా భయంకరంగా ఉంటుంది. కోర్ ఐ9-13900కేకి ఇంటెల్ చెప్పిన గరిష్ఠం 253 వాట్లు. ఎన్నో బోర్డుల్లో కొన్న రోజు నుంచే ఆ గళ్లో 4,096 వాట్లు అని ఉండేది, అంటే హద్దే లేదని. 13, 14 తరాల ప్రాసెసర్లు క్రాష్ అవుతున్నాయన్న ఫిర్యాదులు 2024లో పెద్ద గొడవ అయ్యాక, ‘ఇంటెల్ డిఫాల్ట్ సెట్టింగ్స్’ అనే ప్రొఫైల్ బయోస్ అప్‌డేట్లలో వచ్చింది. వోల్టేజీని అదుపు చేసే మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి చిన్న ప్రోగ్రాం) 0ఎక్స్129 ఆ ఏడాది ఆగస్టులో వచ్చింది. ఈ తరాల ప్రాసెసర్ ఉన్నవాళ్లు టెంపరేచర్ సంగతి తర్వాత, ముందు బయోస్ అప్‌డేట్ చేయండి. ఇది మాత్రం రేపటికి వాయిదా వేయవద్దు.

ఏఎండీలో ఈ వాట్ల హద్దుకు సమానమైనది పీపీటీ. డబ్బా మీద 65 వాట్లని ఉన్న ఏఎం4, ఏఎం5 ప్రాసెసర్ 88 దాకా, ఏఎం4లో 105 ఉన్నది 142 దాకా, ఏఎం5లో 170 ఉన్నది 230 దాకా తీసుకోవచ్చు. బోర్డులో పీబీఓ (హద్దులు పెంచే ఏఎండీ ఆప్షన్) ఆన్ చేసి ఉంటే ఆ హద్దులు కూడా దాటుతుంది. రైజెన్ 7000లోని పెద్ద ఎక్స్ మోడళ్లు 95 డిగ్రీలు తాకేదాకా వేగం పెంచుకుంటూ పోయేలా తయారైనవి. వాటి విషయంలో రెండు బోర్డుల టెంపరేచర్ పోల్చి లాభం లేదు, రెండూ 95 చూపించొచ్చు. అక్కడ పోల్చాల్సింది 95 దగ్గర ఎంత క్లాక్ స్పీడ్ వస్తోందన్నది.

మెట్టు 5: వాట్లు ఎక్కువైతే బయోస్‌లో ఏం చూడాలి

మొదట పీఎల్1, పీఎల్2, టావ్. వాటి గళ్లలో ‘ఆటో’ అని ఉంటే నమ్మవద్దు, ఆటో అంటే బోర్డు తయారీదారు ఇష్టం. ఇంటెల్ చెప్పిన అంకెలు చేత్తో రాసి చూడండి. టెంపరేచర్ పాత చోటికి వచ్చేస్తే విషయం తేలినట్టే.

వాట్లు పెరిగినా క్లాక్ స్పీడ్ పెరగలేదంటే వోల్టేజీని అనుమానించాలి. ప్రాసెసర్ తాగే వాట్లు వోల్టేజీ వర్గం లెక్కన పెరుగుతాయి. 1.15 వోల్టులకు బదులు 1.25 వెళ్తే, అదే వేగానికి దాదాపు 18 శాతం ఎక్కువ వాట్లు. ఇంటెల్ బోర్డుల్లో దీని వెనక సాధారణంగా ఏసీ లోడ్‌లైన్ అనే అంకె ఉంటుంది. లోడ్ పడినప్పుడు దారిలో వోల్టేజీ ఎంత పడిపోతుందో బోర్డు ప్రాసెసర్‌కు ముందుగా చెప్పే అంకె అది. బోర్డు ఎక్కువగా చెబితే ప్రాసెసర్ ఆ మేరకు ఎక్కువ వోల్టేజీ అడుగుతుంది. ఏ ప్రాసెసర్ వచ్చినా కంప్యూటర్ ఆగకూడదని కొన్ని బోర్డులు దీన్ని పెద్దగా పెడతాయి. దీన్ని తగ్గించేటప్పుడు కొంచెం కొంచెంగా తగ్గించి, ప్రతిసారీ లోడ్ పెట్టి చూడండి. ఎక్కువ తగ్గిస్తే రెండర్ మధ్యలో కంప్యూటర్ ఆగిపోతుంది.

అలాగే మల్టీకోర్ ఎన్‌హాన్స్‌మెంట్ లాంటి పేర్లతో ఉండే ఆప్షన్లు ఆఫ్‌లో ఉన్నాయో లేదో చూడండి. పేరు బోర్డుబోర్డుకూ మారుతుంది, పని ఒకటే: హద్దులు తీసేయడం.

మెట్టు 6: వాట్లు అంతే, వేడి ఎక్కువైతే

వాటుకు డిగ్రీల అంకె 0.60 నుంచి 0.80కి పోయిందనుకోండి. అప్పుడు బయోస్ వదిలేసి క్యాబినెట్ తెరవండి. బోర్డు మార్చడమంటే కూలర్ తీసి మళ్లీ పెట్టడమే కదా, తప్పు జరిగే చోటు అదే.

ఇంటెల్ డబ్బాలో వచ్చే కూలర్‌కు నాలుగు పుష్ పిన్నులుంటాయి. వాటిలో ఒకటి పూర్తిగా దిగకపోయినా కూలర్ ఒక వైపు లేస్తుంది, పైనుంచి చూస్తే కనిపించదు. బోర్డు వెనక నుంచి టార్చ్ వేసి నాలుగు పిన్నుల నల్లటి కొనలూ బయటికి వచ్చాయో లేదో చూడండి. నేను చూసిన వాటిలో ఎక్కువ సమస్యలు ఇక్కడే దొరికాయి. పాత కూలర్‌ను 12వ తరం లేదా తర్వాతి బోర్డుకు పెట్టేవాళ్లు ఇంకోటి చూడాలి. ఆ బోర్డుల్లోని ఎల్‌జీఏ1700 సాకెట్ రంధ్రాల దూరం 78 మిల్లీమీటర్లు, దానికి ముందున్న ఎల్‌జీఏ1200లో 75. ప్రాసెసర్ ఎత్తు కూడా కాస్త తక్కువ. కూలర్ కంపెనీ ఇచ్చిన ఎల్‌జీఏ1700 కిట్ లేకుండా ఎలాగో బిగిస్తే ఒత్తిడి సరిపోదు.

ఇదే సాకెట్‌లో ప్రాసెసర్‌ను పట్టి ఉంచే లోహపు బిగింపు మధ్యలో నొక్కడం వల్ల ప్రాసెసర్ పై మూత కొద్దిగా వంగుతుంది. ఆ బిగింపుకు బదులు పెట్టే కాంటాక్ట్ ఫ్రేమ్‌లు 2022 నుంచి అమ్ముతున్నది ఇందుకే. పెద్ద ప్రాసెసర్లలో కొన్ని డిగ్రీలు తగ్గుతాయి. ఐ5 మీద 65 వాట్లు నడిపేవాళ్లకు ఆ ఖర్చు అక్కర్లేదని నా అభిప్రాయం.

పేస్ట్ కొత్తది వేయాల్సిందే. ఎండిన పాత పేస్ట్ మీద మళ్లీ కూలర్ పెడితే మధ్యలో గాలి ఉండిపోతుంది.

ఫ్యాన్ ఆర్‌పీఎం రెండు బోర్డుల్లోనూ ఒకటేనా? బోర్డు తన ‘సీపీయూ’ అంకెను చూసి ఫ్యాన్ తిప్పుతుంది. ఆ అంకె తక్కువగా చూపించే బోర్డు ఫ్యాన్‌ను నెమ్మదిగా తిప్పుతుంది, ప్రాసెసర్ నిజంగానే వేడెక్కుతుంది. చూపించడంలోని తేడా నిజమైన వేడి తేడాగా మారే చోటు ఇది ఒక్కటే. బయోస్‌లో ఫ్యాన్‌ను కాసేపు పూర్తి వేగంలో పెట్టి రెండు బోర్డులనూ పోల్చితే ఈ అనుమానం తీరిపోతుంది. నాలుగు పిన్నుల ఫ్యాన్‌కు పీడబ్ల్యూఎం మోడ్ (నాలుగో పిన్ను ద్వారా వేగం అదుపు చేసేది) ఉందో లేదో కూడా అక్కడే చూడండి.

మెట్టు 7: వాట్ల అంకెనే నమ్మలేనప్పుడు

ప్యాకేజ్ పవర్ కూడా లెక్కగట్టిన అంకె. ఏఎం4 బోర్డుల్లో ప్రాసెసర్‌కు ఎంత కరెంటు వెళ్తోందో బోర్డు పవర్ విభాగమే చెబుతుంది. కొన్ని బోర్డులు కావాలనే తక్కువ చెప్పి, ప్రాసెసర్ తన హద్దు దాటేలా చేస్తున్నాయని 2020లో హెచ్‌డబ్ల్యూఇన్ఫో తయారుచేసినవారు బయటపెట్టి, ‘పవర్ రిపోర్టింగ్ డీవియేషన్’ అనే వరుస కలిపారు. అన్ని కోర్ల మీదా పూర్తి లోడ్ ఉండి, ఏ సెట్టింగూ మార్చనప్పుడు మాత్రమే ఆ వరుస చూడాలి. అది 100 శాతానికి దగ్గరగా ఉంటే మంచిది. 70, 60 అని చూపిస్తే, తెర మీది వాట్ల కన్నా నిజంగా చాలా ఎక్కువ వెళ్తున్నట్టు.

ఇంటెల్‌లో డీసీ లోడ్‌లైన్ అంకె బోర్డుకు సరిపడా లేకపోతే వాట్లు ఎక్కువగానో తక్కువగానో కనిపిస్తాయి. అనుమానం ఉంటే ప్లగ్ దగ్గర పెట్టే వాట్ మీటర్ కొనండి. గ్రాఫిక్స్ కార్డు ఖాళీగా ఉంచి, ప్రాసెసర్ లోడ్‌కు ముందూ తర్వాతా ప్లగ్ దగ్గర ఎన్ని వాట్లు పెరిగాయో రెండు బోర్డుల మీదా చూడండి. దాన్ని ఏ బయోస్ సర్దుబాటూ మార్చలేదు.

మెట్టు 8: ఉంచాలా, వాపసు ఇవ్వాలా

చూడాల్సింది హద్దుకు ఇంకా ఎంత దూరం ఉందన్నది. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో ‘థర్మల్ థ్రాట్లింగ్’ (వేడి ఎక్కువై ప్రాసెసర్ వేగం తగ్గించుకోవడం) వరుసలో ‘అవును’ అని వచ్చిందా లేదా చూడండి. రాకపోతే వేడి విషయంలో ప్రాసెసర్ క్షేమంగా ఉంది. మీ ప్రాసెసర్ హద్దు ఎంతో కంపెనీ సైట్‌లో చూసుకోండి, అన్నింటికీ 100 కాదు. రైజెన్ 7 5800ఎక్స్3డీకి 90, 7800ఎక్స్3డీకి 89.

వాటుకు డిగ్రీల అంకె చేతిలో ఉంటే వచ్చే వేసవిని కూడా ముందే లెక్కగట్టొచ్చు. మా తమ్ముడి గది మేలో 38కి పోతుందనుకుందాం. 78 వాట్ల మీద 47 డిగ్రీలు పెరుగుతుంది, మొత్తం 85. హద్దు 100. పదిహేను డిగ్రీల జాగా ఉంది. కాబట్టి బోర్డు వాపసు ఇవ్వక్కర్లేదు. వాపసు ఇవ్వాల్సిన సందర్భాలు వేరే ఉన్నాయి: హద్దులు చేత్తో రాసినా బోర్డు పాటించకపోవడం, చిన్న లోడ్‌కే బోర్డు పవర్ విభాగం బాగా వేడెక్కి క్లాక్ స్పీడ్ పడిపోవడం, ప్రాసెసర్ ఫ్యాన్ హెడర్ (ఫ్యాన్ తీగ తగిలించే చోటు) పనిచేయకపోవడం. ఇవి కనబడితే స్క్రీన్‌షాట్లు తీసుకుని షాపుకు వెళ్లండి, మాట్లాడటం తేలికవుతుంది.

వాడు మాత్రం రాత్రిపూట ఫ్యాన్ శబ్దం తగ్గాలని పీఎల్1ను 70 వాట్లకు తెచ్చుకున్నాడు. రెండర్ సమయంలో తేడా తనకు తెలియలేదన్నాడు. ఆ సెట్టింగ్‌ను బయోస్‌లో ప్రొఫైల్‌గా సేవ్ చేయించి, తెర ఫోటో కూడా తీసి పెట్టుకోమన్నాను. బయోస్ అప్‌డేట్ చేసినప్పుడు ఈ అంకెలు మళ్లీ ఆటోకు పోతాయి, చాలా బోర్డుల్లో సేవ్ చేసిన ప్రొఫైల్ కూడా పోతుంది. రెండు నెలల తర్వాత వాడు బయోస్ అప్‌డేట్ చేశాడు, టెంపరేచర్ మళ్లీ పైకి పోయింది. ఈసారి ఫోన్ చేయలేదు. ఫోటో చూసి 70 రాసుకున్నాడట.